చిన్న ఆఫీసుకు సర్వర్ క్లస్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

క్లస్టర్ గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలన్న దగ్గరే మొదలుపెడతారు. నిజానికి చిన్న క్లస్టర్ తేలేదీ మునిగేదీ మూడో ఓటు దగ్గర, స్విచ్ దగ్గర, కరెంటు దగ్గర. అందుకే కింది జవాబుల్లో వాటికే ఎక్కువ చోటు దక్కింది.

రెండు సర్వర్లు కొని పక్కపక్కన పెడితే క్లస్టర్ అయినట్టేనా?

కాదు, అవి రెండు సర్వర్లు మాత్రమే. ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటూ, ఒకటి పడిపోతే దాని పనిని రెండోది తనంతట తానే ఎత్తుకుంటేనే క్లస్టర్. దానికి నాలుగు ఏర్పాట్లు కావాలి. యంత్రాలు ‘బతికే ఉన్నా’ అని ఎడతెగకుండా పంపుకునే సంకేతం, అంటే హార్ట్‌బీట్. ఎవరి మాట చెల్లాలో తేల్చే ఓటింగ్. పడిపోయిందనుకున్న యంత్రాన్ని నిజంగానే ఆపేసే పద్ధతి. రెండు యంత్రాలకూ అందే డేటా. వీటిలో ఏది లేకపోయినా మామూలు రోజుల్లో అంతా బాగానే కనబడుతుంది. లోటు తెలిసేది సర్వర్ పడిపోయిన రోజునే.

మా ఆఫీసుకు నిజంగా క్లస్టర్ కావాలా?

ముందు ఒక లెక్క వేయండి. సర్వర్ ఆగితే ఎంతమంది చేతులు ముడుచుకుని కూర్చోవాలి? బ్యాకప్ నుంచి వేరే యంత్రం మీద అంతా తిరిగి నిలబెట్టడానికి ఎన్ని గంటలు పడుతుంది? ఏడాదికి 8,760 గంటలు. 99 శాతం అందుబాటు అంటే ఏడాదిలో 87.6 గంటలు ఆగినా సరే అని ఒప్పుకోవడం. 99.9 శాతానికి అది 8.76 గంటలు, 99.99 శాతానికి సుమారు 53 నిమిషాలు.

99.9 శాతం చాలనుకుంటే క్లస్టర్ లేకుండానే చేరుకోవచ్చు. రెండు పవర్ సప్లైలున్న సర్వర్, మిర్రర్ చేసిన డిస్కులు, తిరిగి తెరిచి చూసిన బ్యాకప్, రెండు మూడు గంటల్లో పని అందుకోగల పాత సర్వర్ ఒకటి పక్కన ఉంటే సరిపోతుంది. మెయిలు, ఫైళ్లు క్లౌడ్‌లోకి వెళ్లిపోయిన ఆఫీసులోనైతే క్లస్టర్‌కు పెట్టే డబ్బు రెండో ఇంటర్నెట్ లైనుకు పెట్టడం మేలు.

క్లస్టర్ గిట్టుబాటయ్యేది రెండు చోట్ల. బిల్లింగ్ కౌంటర్, గిడ్డంగి, నమోదు బల్ల లాంటి చోట్ల పది నిమిషాలు ఆగినా వరుస పెరిగిపోతుంది. అలాగే పని వేళల్లోనే సర్వర్లకు అప్‌డేట్లు వేయక తప్పని ఆఫీసులు ఉంటాయి. ఈ రెండో కారణాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. హార్డ్‌వేర్ చెడిపోవడం ఏళ్లకోసారి జరిగే పని, అప్‌డేట్ కోసం రీబూట్ చేయడం నెలనెలా ఉండే పని.

ఇంకొకటి. కోరమ్ (నిర్ణయానికి కావలసిన కనీస ఓట్లు) పోతే ఏం చేయాలో తెలిసిన మనిషి ఒక్కరైనా అందుబాటులో లేని ఆఫీసులో, ఒంటి సర్వర్ కంటే క్లస్టరే ఎక్కువసేపు ఆగిపోతుంది.

ఒక సర్వర్ పోతే వాడేవాళ్లకు ఏమీ తెలియకుండా పని సాగిపోతుందా?

సాగదు. పోయిన సర్వర్ మీదున్న వర్చువల్ మెషీన్లు (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు), అంటే వీఎంలు, రెండో సర్వర్ మీద మళ్లీ బూట్ అవుతాయి. వాటి మెమరీలో ఉన్నది పోతుంది. తెరిచి ఉన్న కనెక్షన్లు తెగుతాయి. సేవ్ చేయని బిల్లు మళ్లీ కొట్టాలి. వీఎంలను నడిపే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్‌లో నోడ్, అంటే క్లస్టర్‌లోని సర్వర్, పోయిందని ఖాయం చేసుకుని వీఎంను వేరేచోట మొదలుపెట్టడానికే సుమారు రెండు నిమిషాలు పడుతుంది. దానికి వీఎం బూట్ సమయం, లోపలి డేటాబేస్ తన లాగ్‌ను సరిచూసుకునే సమయం కలపండి. మొత్తం మూడు నుంచి ఆరు నిమిషాలు అనుకుని సిబ్బందికి ముందే చెప్పి ఉంచండి.

లైవ్ మైగ్రేషన్ వేరు. రెండు సర్వర్లూ బాగున్నప్పుడు, నడుస్తున్న వీఎంను ఒకదాని నుంచి ఇంకోదానికి జరపడం అది. అందులో కనెక్షన్లు తెగవు. క్లస్టర్ గురించి చెప్పేటప్పుడు చూపించే వీడియోలన్నీ దాదాపు దీనివే. సర్వర్ హఠాత్తుగా పోతే లైవ్ మైగ్రేషన్‌కు తావే లేదు.

క్లస్టర్ ఉంటే బ్యాకప్ మానేయొచ్చా?

మానకూడదు. తప్పుగా చెరిపేసిన ఫైలు రెండు నోడ్‌లలోనూ ఒకేసారి చెరిగిపోతుంది. డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ చేసిన పాడు కూడా అంతే నమ్మకంగా కాపీ అవుతుంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఆఫీసు బయట అన్న పాత సూత్రం అలాగే ఉండాలి. బ్యాకప్ యంత్రానికి క్లస్టర్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టకండి.

కోరమ్ అంటే ఏమిటి? ఎన్ని నోడ్‌లు ఉండాలి?

నిర్ణయం తీసుకోవడానికి కావలసిన కనీస ఓట్ల సంఖ్యే కోరమ్. మొత్తం ఓట్లలో సగానికి మించి ఉండాలి. రెండు ఓట్లుంటే కోరమ్ రెండు, మూడుంటే రెండు, నాలుగుంటే మూడు, ఐదుంటే మూడు. అంటే రెండు నోడ్‌ల క్లస్టర్‌లో ఒకటి పోతే మిగిలినదానికి కోరమ్ ఉండదు, అది బాగానే ఉన్నా పని మొదలుపెట్టదు. మూడు నోడ్‌లు ఒకదాన్ని పోగొట్టుకోగలవు. నాలుగున్నా అంతే, ఒకదాన్నే. నాలుగో సర్వర్ సామర్థ్యం పెంచుతుందే తప్ప భద్రత పెంచదు. అందుకే ఓట్లు బేసి సంఖ్యలో ఉంచుతారు.

మా దగ్గర రెండే సర్వర్లు ఉన్నాయి. మూడోది కొనక తప్పదా?

తప్పుతుంది. మూడో ఓటు కావాలి గానీ అది మూడో పెద్ద సర్వర్ కానక్కర్లేదు. వీఎంలు నడపదు, డేటా దాచదు, ఓటు మాత్రమే వేస్తుంది. ప్రాక్స్‌మాక్స్‌లో దీన్ని క్యూడివైస్ అంటారు. డెబియన్ నడిచే చిన్న పెట్టె, రాస్ప్‌బెర్రీ పై, పాత డెస్క్‌టాప్ ఏదైనా చాలు. హార్ట్‌బీట్‌కు ఉన్నంత వేగం దీనికి అక్కర్లేదు కాబట్టి వేరే భవనంలో ఉన్నా పనిచేస్తుంది. నోడ్‌ల నుంచి దానికి టీసీపీ 5403 పోర్టు తెరిచి ఉండాలి.

విండోస్‌లో ఇదే పనికి విట్‌నెస్ అని పేరు. వేరే యంత్రం మీద ఫైల్ షేర్ విట్‌నెస్ పెట్టొచ్చు. విండోస్ సర్వర్ 2016 నుంచి క్లౌడ్ విట్‌నెస్, 2019 నుంచి రౌటర్‌కు గుచ్చిన యూఎస్‌బీ డిస్కు మీద విట్‌నెస్ కూడా కుదురుతాయి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటే: మూడో ఓటును అదే క్లస్టర్‌లోని వీఎంలో పెట్టడం. ఆ వీఎం ఉన్న నోడ్ పోతే రెండు ఓట్లు కలిసి పోతాయి. ఓటు పెట్టెను ఏదో ఒక సర్వర్ యూపీఎస్‌కే తగిలించినా అంతే, పెట్టె చిన్నదని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ గుచ్చేస్తారు. మూడు నోడ్‌లున్న చోట మాత్రం క్యూడివైస్ పెట్టకండి. బేసి సంఖ్య క్లస్టర్లకు దాన్ని ప్రాక్స్‌మాక్స్ వాళ్లే వద్దంటారు.

స్ప్లిట్ బ్రెయిన్ అంటే? ఫెన్సింగ్ లేకపోతే ఏమవుతుంది?

రెండు సర్వర్ల మధ్య కేబుల్ ఊడిందనుకోండి. రెండూ బతికే ఉన్నాయి, కానీ అవతలిది చచ్చిపోయిందని రెండూ అనుకుంటాయి. ఒకే వీఎంను రెండూ మొదలుపెడతాయి. ఒకే డిస్కు మీద రెండు చేతులు రాస్తే ఫైల్ సిస్టమ్ నిమిషాల్లో చెడిపోతుంది. డేటా విడివిడిగా ఉంటే ఉదయం బిల్లులు ఒకచోట, ఇంకొన్ని ఇంకోచోట పడతాయి. వాటిని కలపడం ఏ సాఫ్ట్‌వేర్ వల్లా కాదు, మనిషి కూర్చుని ఒక్కొక్కటీ చూడాల్సిందే.

కోరమ్ దీన్ని సగం ఆపుతుంది. మిగతా సగం ఫెన్సింగ్ పని. వేరే నోడ్ పని ఎత్తుకునే ముందు మొదటి నోడ్ నిజంగా ఆగిందని ఖాయం చేయడమే ఫెన్సింగ్. ప్రాక్స్‌మాక్స్‌లో కోరమ్ కోల్పోయిన నోడ్ తన వాచ్‌డాగ్ టైమర్‌ను (తట్టకపోతే యంత్రాన్ని రీబూట్ చేసే గడియారం) తట్టడం మానేస్తుంది, 60 సెకన్లలో తనే రీబూట్ అవుతుంది. లినక్స్ క్లస్టర్ సాఫ్ట్‌వేర్ పేస్‌మేకర్‌లో ఒక నోడ్ ఇంకోదాని ఐపీఎంఐ, ఐలో, ఐడ్రాక్ లాంటి యాజమాన్య పోర్టు (సర్వర్‌ను దూరం నుంచి ఆపి, లేపే పోర్టు) ద్వారా గానీ, నెట్‌వర్క్‌తో నడిచే పవర్ స్ట్రిప్ ద్వారా గానీ కరెంటు తీసేస్తుంది. యాజమాన్య పోర్టుకు కరెంటు వచ్చేది అదే సర్వర్ పవర్ సప్లై నుంచే. సర్వర్‌కు కరెంటు పూర్తిగా పోతే ఫెన్స్ ఆదేశానికి జవాబు రాదు, జవాబు రాలేదు కాబట్టి ఫెయిలోవర్, అంటే పని రెండో నోడ్‌కు మారడం, ఆగిపోతుంది. పవర్ స్ట్రిప్‌ను రెండో మార్గంగా పెట్టుకోమనేది ఇందుకే. పేస్‌మేకర్‌లో ఫెన్సింగ్ ఇబ్బంది పెడుతోందని దాన్ని ఆపేయమని చెప్పే చిట్కాలు కనబడతాయి. పరీక్ష గదిలో సరే, అసలు డేటా మీద వద్దు.

డేటా ఎక్కడ ఉంచాలి?

నాలుగు దారులున్నాయి. రెండు సర్వర్లకూ కలిపి ఒకే నాస్ (నెట్‌వర్క్ మీద డిస్కులు అందించే) పెట్టె పెట్టడం అన్నిటికన్నా తేలిక, కానీ ఆ పెట్టె పోతే రెండు సర్వర్లూ ఉండి లాభం లేదు. తలుపుకు రెండు తాళాలు వేసి కిటికీ తీసి పెట్టినట్టే. ఈ దారిలో వెళ్లాలంటే నాస్‌కు రెండు కంట్రోలర్లైనా ఉండాలి.

రెండోది జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ చేసే రెప్లికేషన్, అంటే కాపీ. ప్రతి వీఎం డిస్కులో మారిన భాగం మాత్రం నిర్ణీత వ్యవధిలో రెండో నోడ్‌కు వెళ్తుంది. ప్రాక్స్‌మాక్స్‌లో మామూలుగా 15 నిమిషాలకోసారి, కావాలంటే నిమిషానికోసారి. సర్వర్ హఠాత్తుగా పోతే చివరి కాపీ తర్వాత రాసినదంతా పోతుంది. ఫైల్ సర్వర్‌కు ఐదు నిమిషాల నష్టం భరించగలిగినదే. బిల్లింగ్‌కు నిమిషం పెట్టండి, ఆ ఒక్క నిమిషం బిల్లులు కాగితం మీద దొరుకుతాయా అని కూడా చూసుకోండి. రెండు నోడ్‌లలో స్టోరేజ్ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. లేకపోతే రెప్లికేషన్ మొదలవదు.

మూడోది డీఆర్‌బీడీ. దీన్ని నెట్‌వర్క్ మీద నడిచే మిర్రర్ డిస్కు అనుకోవచ్చు. ప్రోటోకాల్ సీ పెడితే రెండు డిస్కుల్లోనూ రాత పడ్డాకే ‘రాశాను’ అంటుంది, కాబట్టి నష్టం ఉండదు. బదులుగా ప్రతి రాతకూ నెట్‌వర్క్ ఆలస్యం కలుస్తుంది. నాలుగోది సెఫ్, అన్ని నోడ్‌ల డిస్కులనూ కలిపి ఒకే స్టోరేజ్‌గా చేసే సాఫ్ట్‌వేర్. దానికి వేరే ప్రశ్న కింద జవాబు ఉంది.

రెండు నోడ్‌ల ఆఫీసుకు ఏది అని ఒక్కమాటలో చెప్పమంటే జెడ్‌ఎఫ్‌ఎస్ రెప్లికేషనే. పాడైనప్పుడు ఏం జరిగిందో అర్థం చేసుకోవడం తేలిక, చేత్తో సరిచేయడం తేలిక.

మూడు నోడ్‌లతో సెఫ్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, అయితే ఇరుకుగా ఉంటుందని తెలిసి పెట్టుకోవాలి. మూడు ప్రతులు ఉంచుతుంది కాబట్టి నోడ్‌కు 4 టీబీ చొప్పున 12 టీబీ పెడితే దక్కేది 4 టీబీ. సెఫ్ 85 శాతం దగ్గర హెచ్చరిస్తుంది, 95 శాతం దగ్గర రాతలు ఆపేస్తుంది.

అసలు చిక్కు ఒక డిస్కు పోయినప్పుడు వస్తుంది. మూడు నోడ్‌లు, మూడు ప్రతులు, నోడ్‌కో ప్రతి. ఒక నోడ్‌లో ఒక డిస్కు పోతే దాని మీదున్న ప్రతిని ఆ నోడ్‌లోని మిగతా డిస్కుల్లోనే కట్టాలి, వేరే నోడ్‌కు పంపడానికి వీల్లేదు. నోడ్‌కు రెండే డిస్కులుండి, ఒక్కోటి 60 శాతం నిండి ఉంటే, మిగిలినది 120 శాతం మోయాలి. అది 95 దాటగానే మొత్తం పూల్‌లో (కలిపిన స్టోరేజ్‌లో) రాతలు ఆగిపోతాయి. ఒక్క డిస్కు పోయినందుకు ఆఫీసంతా ఆగినట్టు. నోడ్‌కు కనీసం నాలుగు డిస్కులు పెట్టండి, 60 శాతం దాటకుండా చూసుకోండి. రెండు నోడ్‌లు పోతే సెఫ్ ఎలాగూ ఆగుతుంది, అది కావాలని పెట్టిన కాపలా. కనీస ప్రతుల సంఖ్యను ఒకటికి తగ్గించి నెట్టుకురావాలని చూస్తే ఉన్న ఒక్క ప్రతిని కూడా పణంగా పెట్టినట్టే.

నోడ్‌ల మధ్య 10 గిగాబిట్ లింకు లేకపోతే సెఫ్ ఆలోచన మానుకోండి. మూడు నోడ్‌ల గడియారాలు కూడా కలవాలి. 0.05 సెకను తేడా వచ్చినా సెఫ్ ఫిర్యాదు చేస్తుంది. క్రోనీ లాంటి టైమ్ సర్వీసు అన్నిటిలోనూ నడవాలి.

ర్యామ్, ప్రాసెసర్ ఎంత తీసుకోవాలి?

ఒక నోడ్ పోయాక మిగిలినవి మొత్తం మోయగలగాలి, లెక్క అక్కడి నుంచే మొదలవ్వాలి. రెండు నోడ్‌లైతే వీఎంలన్నీ కలిపి ఒక్క నోడ్ ర్యామ్‌లో పట్టాలి. నోడ్‌కు 64 జీబీ ఉంటే హోస్ట్‌కు (అసలు సర్వర్‌కు), జెడ్‌ఎఫ్‌ఎస్ క్యాష్‌కు ఓ 10 నుంచి 12 జీబీ వదిలి, వీఎంలకు 50 జీబీ మించి ఇవ్వకండి. మూడు నోడ్‌లైతే రెండు నోడ్‌ల ర్యామ్‌లో పట్టేలా చూసుకోవాలి. పెట్టిన రోజు అందరూ ఈ లెక్క పాటిస్తారు. ఏడాది తర్వాత ‘ర్యామ్ ఖాళీగా ఉంది కదా’ అని ఒకటి, రెండు వీఎంలు చేరుస్తారు. ఆ తర్వాత ఫెయిలోవర్ సగంలో ఆగిపోతుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్ క్యాష్ పాత ఇన్‌స్టాలేషన్లలో సగం ర్యామ్ దాకా తీసుకుంటుంది, దాని పరిమితిని మీరే పెట్టండి.

ప్రాసెసర్లు ఒకే కంపెనీవి, వీలైతే ఒకే తరానివి తీసుకోండి. తరాలు వేరైతే వీఎం సీపీయూ రకాన్ని హోస్ట్ అని పెట్టకుండా, ఎక్స్86-64-వీ2-ఏఈఎస్ లాంటి ఉమ్మడి రకం పెట్టండి. లేకపోతే లైవ్ మైగ్రేషన్ మధ్యలో వీఎం కూలిపోతుంది.

మామూలు డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీలు సరిపోవా?

రెప్లికేషన్‌కు ఎలాగో సర్దుకోవచ్చు. సెఫ్, డీఆర్‌బీడీ, డేటాబేస్ వీఎంలకు మాత్రం వద్దు. ఇవి ప్రతి రాతా నిజంగా డిస్కు మీద పడిందని రూఢి అయ్యేదాకా ఆగుతాయి. కరెంటు పోయినా క్యాష్‌ను కాపాడే కెపాసిటర్లు ఉన్న సర్వర్ ఎస్‌ఎస్‌డీ వెంటనే ‘సరే’ అనగలదు. అవి లేనిది ఫ్లాష్ దాకా రాసి రావాలి, అందుకే డబ్బా మీద రాసిన వేగంలో పిసరంత కూడా కనబడదు.

స్విచ్‌లు, కేబుళ్లు ఎలా అమర్చాలి?

కనీసం రెండు స్విచ్‌లు, ప్రతి సర్వర్ నుంచి రెండింటికీ ఒక్కో కేబుల్. రెండు స్విచ్‌లు స్టాక్‌గా గానీ ఎమ్‌లాగ్‌తో గానీ ఒకే స్విచ్‌లా కలిసి ఉంటేనే వాటి మీదుగా ఎల్‌ఏసీపీ బాండ్, అంటే రెండు కేబుళ్లను ఒకే లైనుగా వాడే జత, పనిచేస్తుంది. విడి స్విచ్‌లైతే యాక్టివ్-బ్యాకప్ (ఒకటి పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉండే) బాండ్ పెట్టండి. విడి స్విచ్‌ల మీద ఎల్‌ఏసీపీ పెడితే ఒక్కోసారి నెట్‌వర్క్ వస్తుంది, ఒక్కోసారి రాదు. కారణం వెతకడానికి రోజులు పడుతుంది.

హార్ట్‌బీట్‌కు వేరే దారి ఇవ్వండి. దానికి బ్యాండ్‌విడ్త్ అక్కర్లేదు, 1 గిగాబిట్ పోర్టు ధారాళంగా చాలు. కావలసింది నిలకడైన తక్కువ ఆలస్యం, 5 మిల్లీసెకన్ల లోపు. బ్యాకప్ నడిచే లైను మీదే హార్ట్‌బీట్‌నూ వదిలితే అర్ధరాత్రి బ్యాకప్ లైను నింపేస్తుంది, సంకేతాలు ఆలస్యమవుతాయి, బాగున్న నోడ్ ఫెన్స్ అవుతుంది. రాత్రి రెండు గంటలకు సర్వర్ దానంతటదే రీబూట్ అవుతోందని వచ్చే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే. రెండు నోడ్‌లైతే మధ్యలో స్విచ్ లేకుండా ఒక కేబుల్ నేరుగా గుచ్చి దాన్ని మొదటి లింకుగా, ఆఫీసు నెట్‌వర్క్‌ను రెండో లింకుగా హార్ట్‌బీట్ నడిపే కోరోసింక్‌కు ఇవ్వండి. యూడీపీ 5405 నుంచి 5412 దాకా పోర్టులు నోడ్‌ల మధ్య తెరిచి ఉండాలి.

స్విచ్ ఒక్కటి రీస్టార్ట్ చేస్తే అన్ని సర్వర్లూ రీబూట్ అయ్యాయి. ఎందుకు?

హార్ట్‌బీట్ అంతా ఆ ఒక్క స్విచ్ మీదే నడుస్తోంది. స్విచ్ ఫర్మ్‌వేర్ ఎక్కించుకుని లేచేసరికి రెండు మూడు నిమిషాలు. ఈలోగా ప్రతి నోడ్ ఒంటరిదై కోరమ్ పోగొట్టుకుంది, హెచ్‌ఏ వీఎంలు (నోడ్ పోతే వేరేచోట లేపాలని జాబితాలో పెట్టినవి) ఉన్న ప్రతి నోడూ 60 సెకన్లకు తనను తాను రీబూట్ చేసుకుంది. క్లస్టర్ చేయాల్సిన పనే చేసింది. రెండో లింకు పెడితే ఇది మళ్లీ రాదు. అప్పటిదాకా స్విచ్‌ను ముట్టుకునే ముందు వీఎంలను హెచ్‌ఏ జాబితా నుంచి తీసేసి, నోడ్‌ల హెచ్‌ఏ సర్వీసు ఖాళీ స్థితికి వచ్చిందని చూసుకుని, అప్పుడు మొదలుపెట్టండి.

ప్రాక్స్‌మాక్స్‌లో రెండు నోడ్‌లు, ఒక ఓటు పెట్టె: మొదటి నుంచి ఎలా చేయాలి?

1. మూడు యంత్రాలకూ స్థిరమైన ఐపీ, ఖాయమైన హోస్ట్‌నేమ్ పెట్టండి. క్లస్టర్‌లో చేరాక వీటిని మార్చడం పెద్ద తలనొప్పి.
2. రెండు నోడ్‌లలో ఒకే వెర్షన్ ఇన్‌స్టాల్ చేసి, ఒకే పేరుతో జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ కట్టండి.
3. మొదటి నోడ్‌లో క్లస్టర్ సృష్టించండి, రెండు లింకులూ అప్పుడే ఇవ్వండి.
4. రెండో నోడ్‌ను చేర్చండి. చేరే నోడ్ మీద ఒక్క వీఎం కూడా ఉండకూడదు. ఉంటే బ్యాకప్ తీసి, చెరిపి, చేరాక తిరిగి పెట్టాలి.
5. ఓటు పెట్టెలో కోరోసింక్-క్యూనెట్‌డీ, రెండు నోడ్‌లలో కోరోసింక్-క్యూడివైస్ ప్యాకేజీలు వేయండి. ఒక నోడ్ నుంచి పీవీఈసీఎం క్యూడివైస్ సెటప్ (pvecm qdevice setup) ఆదేశాన్ని పెట్టె ఐపీతో ఇవ్వండి. ఆ కాసేపు పెట్టెలో రూట్ ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ తెరిచి ఉంచి, తర్వాత మూసేయండి.
6. పీవీఈసీఎం స్టేటస్‌లో మొత్తం ఓట్లు మూడు, కోరమ్ రెండు అని కనబడాలి.
7. ఒక్కో వీఎంకు రెప్లికేషన్ వ్యవధి పెట్టి, మొదటి కాపీ పూర్తయ్యాకే దాన్ని హెచ్‌ఏలో చేర్చండి.

చివరి మెట్టులో తొందరపడితే రెండో నోడ్ దగ్గర డిస్కే ఉండదు, ఫెయిలోవర్ విఫలమవుతుంది. వీఎంకు ఐఎస్‌ఓ ఫైలు (ఇన్‌స్టాల్ డిస్కు ప్రతి) తగిలించి మరిచిపోయినా అదే గతి. ఆ ఐఎస్‌ఓ రెండో నోడ్‌లో లేకపోతే వీఎం లేవదు. చిన్న విషయమే గానీ మొదటి పరీక్షలో ఎక్కువమంది దొరికిపోయేది దీని దగ్గరే.

విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్ అయితే ఏం చూసుకోవాలి?

క్లస్టర్ కట్టే ముందు వాలిడేషన్ విజార్డ్ నడపండి, పసుపు హెచ్చరికలను కూడా చదవండి. పోర్టు 3343 తెరిచి ఉండాలి. నోడ్ పోయినా వీఎంలు నాలుగు నిమిషాలు కదలడం లేదంటే వీఎం రెసిలియన్సీ (కాసేపు ఓపిక పట్టే) అమరిక చూడండి, 2016 నుంచి దాని డిఫాల్ట్ 240 సెకన్లు.

డబ్బు కారేది లైసెన్సుల దగ్గర. స్టాండర్డ్ ఎడిషన్‌లో సర్వర్ కోర్లన్నిటికీ ఒకసారి లైసెన్సు కడితే రెండు విండోస్ వీఎంలకు హక్కు వస్తుంది. ఫెయిలోవర్ అయ్యాక ఒకే నోడ్ మీద నాలుగు నడవాల్సి వస్తే ఆ నోడ్‌కు నాలుగింటి లైసెన్సూ ముందే ఉండాలి, రెండో నోడ్‌కూ అంతే. సర్వర్ల లోపలి డిస్కులనే ఉమ్మడి స్టోరేజ్‌గా మార్చే స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్‌కు డేటాసెంటర్ ఎడిషన్ కావాలి. చిన్న ఆఫీసుకు చాలాసార్లు విండోస్‌లో వీఎంలను కాపీ చేసి ఉంచే హైపర్-వీ రెప్లికానే సరిపోతుంది. 30 సెకన్లు, 5 నిమిషాలు, 15 నిమిషాల వ్యవధుల్లో ఒకటి ఎంచుకోవచ్చు, కానీ ఫెయిలోవర్ మీట మనిషే నొక్కాలి.

డొమైన్ కంట్రోలర్, డీహెచ్‌సీపీలను కూడా క్లస్టర్ చేయాలా?

అక్కర్లేదు. లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్‌కు, ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీకి సొంతంగా జంట నడిపే తెలివి ఉంది. రెండు డొమైన్ కంట్రోలర్లు వేరువేరు నోడ్‌ల లోకల్ డిస్కు మీద పెట్టండి, హెచ్‌ఏలో చేర్చకండి. అన్ని కంప్యూటర్లకూ రెండింటి డీఎన్‌ఎస్ చిరునామాలూ ఇవ్వండి. విండోస్ సర్వర్ 2012 నుంచి డీహెచ్‌సీపీ ఫెయిలోవర్ ఉంది. రెండు సర్వర్ల మధ్య టీసీపీ 647 పోర్టు తెరవాలి, రెండింటి గడియారాల తేడా నిమిషం దాటకూడదు.

సర్వర్లు సరే, ఫైర్‌వాల్ ఒక్కటే ఉంది కదా?

అవును, ఆఫీసు ఎక్కువసార్లు ఆగేది అక్కడే. రెండు రౌటర్లు లేదా ఫైర్‌వాల్‌లు పెట్టి వీఆర్‌ఆర్‌పీ అనే ప్రోటోకాల్, పీఎఫ్‌సెన్స్ లాంటి ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్లలో కార్ప్ వాడి ఒకే వర్చువల్ ఐపీని పంచుకోవచ్చు. కంప్యూటర్లకు గేట్‌వేగా ఆ వర్చువల్ ఐపీనే ఇవ్వాలి. వీఆర్‌ఆర్‌పీలో ప్రధాన రౌటర్ సెకనుకోసారి ప్రకటన పంపుతుంది. ప్రాధాన్యం 100 ఉన్న బ్యాకప్ రౌటర్ సుమారు 3.6 సెకన్లు ఏమీ వినకపోతే తనే పగ్గాలు అందుకుంటుంది. ఒకే నెట్‌వర్క్‌లో రెండు జంటలుంటే గ్రూపు సంఖ్యలు వేరుగా పెట్టండి. ఒకటే అయితే వర్చువల్ మ్యాక్ చిరునామా కూడా ఒకటే అయి రెండూ కొట్టుకుంటాయి.

రౌటర్ బాగుండి దాని ఇంటర్నెట్ లైను పోతే వీఆర్‌ఆర్‌పీకి తెలియదు. లైను మీద నిఘా పెట్టి, అది పోతే ప్రాధాన్యం తగ్గేలా అమర్చాలి.

డేటాబేస్‌కు వేరే క్లస్టర్ కావాలా?

చాలా ఆఫీసులకు అక్కర్లేదు. వీఎం వేరే నోడ్‌లో లేస్తే డేటాబేస్ తన ట్రాన్సాక్షన్ లాగ్ చదివి తేరుకుంటుంది. అంతకు మించి కావాలంటే మరియాడీబీ డేటాబేస్‌ను క్లస్టర్ చేసే గలేరాకు మూడు నోడ్‌లు, లేదా రెండు నోడ్‌లు, ఒక ఆర్బిట్రేటర్ (ఓటు మాత్రమే వేసేది). పట్టికలు ఇన్నోడీబీ స్టోరేజ్ ఇంజిన్‌లో ఉండాలి, ప్రతి పట్టికకూ ప్రైమరీ కీ (ప్రతి వరుసను గుర్తించే కాలమ్) ఉండాలి. పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు ఈ రెండో షరతు దగ్గరే ఆగిపోతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్‌లో 2016 నుంచి బేసిక్ అవైలబిలిటీ గ్రూపులు (డేటాబేస్ ప్రతిని రెండో సర్వర్‌లో ఉంచేవి) ఉన్నాయి, గ్రూపుకు ఒక్క డేటాబేస్ మాత్రమే.

మా సాఫ్ట్‌వేర్ యూఎస్‌బీ డాంగిల్ ఉంటేనే తెరుచుకుంటుంది. వీఎం అవతలి సర్వర్‌కు పోతే ఎలా?

సర్వర్‌కు గుచ్చిన డాంగిల్, అంటే లైసెన్సు తాళంచెవి, దానితోపాటే పోతుంది. పైగా డాంగిల్ తగిలించిన వీఎం లైవ్ మైగ్రేషన్‌కు ఒప్పుకోదు. నెట్‌వర్క్ మీద యూఎస్‌బీని అందించే చిన్న పరికరం తీసుకుని డాంగిల్ దానికి గుచ్చండి, వీఎం లోపల దాని డ్రైవర్ వేయండి. లైసెన్సు మ్యాక్ చిరునామాకు కట్టి ఉంటే వీఎం మ్యాక్‌ను స్థిరంగా ఉంచితే చాలు.

యూపీఎస్ విషయంలో జాగ్రత్తలు?

రెండు యూపీఎస్‌లు పెట్టి, ప్రతి సర్వర్ రెండు పవర్ సప్లైలను చెరోదానికి గుచ్చండి. ఒకటి పోతే రెండోది మొత్తం బరువు మోయాలి కాబట్టి ఒక్కోటి సగం కన్నా తక్కువ లోడులోనే ఉండాలి.

కరెంటు ఎక్కువసేపు పోయినప్పుడు మూసే వరుస ముఖ్యం: ముందు వీఎంలు, తర్వాత నోడ్‌లు, స్టోరేజ్, చివర స్విచ్‌లు. నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇది అమర్చుకోవచ్చు. నేరుగా నోడ్‌ను ఆపేస్తే ప్రాక్స్‌మాక్స్ డిఫాల్ట్ అమరికలో దాని వీఎంలు రెండో నోడ్ మీదకు వెళ్లి లేస్తాయి, అదీ మూతపడుతూ ఉంటుంది. అందుకే స్క్రిప్ట్ ముందు వీఎంలను ఆపాలి. తిరిగి లేపేటప్పుడు స్విచ్‌లతో మొదలుపెట్టండి.

అప్‌డేట్లు ఎలా వేయాలి?

ఒక్కో నోడ్ చొప్పున. వీఎంలను లైవ్ మైగ్రేషన్‌తో ఖాళీ చేయండి, అప్‌డేట్ వేసి రీబూట్ చేయండి, కోరమ్ వచ్చిందా, రెప్లికేషన్ లేదా సెఫ్ పూర్తిగా సర్దుకుందా చూడండి, అప్పుడే రెండోదాన్ని ముట్టుకోండి. సర్దుకోకముందే రెండో నోడ్ రీబూట్ చేయడం వల్ల ఆగిన క్లస్టర్లు హార్డ్‌వేర్ చెడి ఆగినవాటి కన్నా తక్కువేమీ ఉండవు.

పనిచేస్తుందో లేదో ఎలా పరీక్షించాలి?

మెనూలోంచి షట్‌డౌన్ చేసి చూడటం పరీక్ష కాదు, అది మర్యాదగా సెలవు తీసుకోవడం. పవర్ కేబుల్ లాగండి. ఆఫీసు వేళలు అయ్యాక, ఆ రోజు బ్యాకప్ చూసుకున్నాక, వరుసగా: ఒక నోడ్ కరెంటు, హార్ట్‌బీట్ కేబుల్ ఒకటి, తర్వాత రెండూ, ఒక స్విచ్, ఓటు పెట్టె. ప్రతిసారీ వీఎం ఎన్ని సెకన్లకు లేచిందో రాసి పెట్టుకోండి. ఓటు పెట్టె ఒక్కటే పోతే పైకి ఏమీ తెలియదు. దాని మీద హెచ్చరిక లేకపోతే నెలల తరబడి పోయి ఉన్నా ఎవరూ గమనించరు, తర్వాత ఒక నోడ్ పోయిన రోజు రెండోదీ ఆగిపోతుంది. కాబట్టి కోరమ్ ఓట్ల సంఖ్య మూడు కన్నా తగ్గితే మెయిలు వచ్చేలా అమర్చండి. ఈ పరీక్ష ఆరు నెలలకోసారి, పెద్ద వెర్షన్ మార్పు తర్వాత తప్పకుండా.

ఒక నోడ్ శాశ్వతంగా పోయింది. కొత్తది ఎలా చేర్చాలి?

ముందు మిగిలిన నోడ్‌కు కోరమ్ ఉందో లేదో చూడండి. ఓటు పెట్టె కూడా పోయి ఉంటే, అవతలి నోడ్ కరెంటు తీసి ఉందని కళ్లారా చూశాక మాత్రమే, పీవీఈసీఎం ఎక్స్‌పెక్టెడ్ 1 (ఒక్క ఓటు చాలని చెప్పే ఆదేశం) అని ఇచ్చి పని నడిపించవచ్చు. దూరం నుంచి ఊహించి ఈ ఆదేశం ఇవ్వకండి.

తర్వాత క్యూడివైస్‌ను తాత్కాలికంగా తీసేసి, పోయిన నోడ్‌ను పీవీఈసీఎం డెల్‌నోడ్‌తో జాబితాలోంచి తొలగించండి. కొత్త సర్వర్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసి చేర్చండి, క్యూడివైస్ మళ్లీ అమర్చండి, రెప్లికేషన్ పనులను కొత్తగా పెట్టండి. మొదటి పూర్తి కాపీకి గంటలు పట్టొచ్చు. 1 గిగాబిట్ లైను మీద 1 టీబీకి రెండున్నర గంటలు అనుకోండి.

తొలగించిన పాత నోడ్ మదర్‌బోర్డు బాగుచేయించి తెస్తే, దాని డిస్కులు చెరపకుండా అదే నెట్‌వర్క్‌లో ఆన్ చేయకండి. అది తానింకా క్లస్టర్ సభ్యురాలినే అనుకుని లేస్తుంది. డిస్కులు తీసి, వేరే చోట చెరిపి, కొత్త యంత్రంలాగే లోపలికి తెచ్చుకోండి.